మాయాదీపములు – నీడబొమ్మలు

దీపమనగానే మనకు జ్ఞానము స్ఫురించును. చీకటి అజ్ఞానమనియు, దీపము దానిని పోగొట్టునదనియు చిన్ననాటినుండి వినుచునే యున్నాము. సంధ్యవేళ ఇంట దీపము పెట్టి నమస్కరించు ఆచారము మన పల్లెలలో నేటికిని ఉన్నది. కాని అదే దీపము మనుష్యుని భయపెట్టుటకు సయితము పనికివచ్చినది. చచ్చినవారిని లేపి చూపింతుమని చెప్పి, ఒక పెట్టెలో దీపముంచి, దాని వెలుగుతోనే ప్రేతములను సృష్టించి, నిండుసభలను వణకించిన కాలమొకటి ఐరోపాఖండమున నడచినది. నీడలతో కథలు చెప్పు విద్య మన దేశమున అంతకు చాల ముందే యున్నది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని మా యుద్దేశము. చూచునప్పుడు ఒక్క ప్రశ్నను మాత్రము విడువరాదు: దీపము ఎక్కడ నున్నది? ఆడించువారు దానిని చూపిరా, దాచిరా?

ఈ ప్రసంగమునకు మంథనినుండి బయలుదేరుట తగునని తోచినది. కరీంనగరమునకు ఈశాన్యముగా, గోదావరికి దక్షిణపు గట్టున ఉన్నదీ యూరు. 2016వ సంవత్సరము వరకు కరీంనగరము జిల్లాలో నుండి, ఆ యేట పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఆవలి గట్టు పాత ఆదిలాబాదు జిల్లా. మంత్రకూటమను పేరే మంథనిగా మారినదని స్థానికులు చెప్పుదురు. ఇచ్చట వేదాధ్యయనము తరతరములుగా సాగినది. కార్తికమాసమున నదికి పోయి, దొప్పలో వత్తి వెలిగించి నీటిమీద విడుచుట గోదావరి తీరవాసులందరికి వాడుక. దొప్ప కదలిపోవును, దీపము ఒక్కటే. కాని నీటిలో దాని నీడ పదియై, పొడుగై, వంకరయై, మరల ఒక్కటి యగును. గట్టున నిలిచిన బిడ్డ ఆ నీడలనే చూచును గాని దీపమును చూడదు. మాయాదీపముయొక్క కథ యంతయు ఈ చిన్న దృశ్యములో ఇమిడియున్నది.

వేదాంతమును చదివినవారికి దీనికి చేరువయైన దృష్టాంతమొకటి తెలియును. శంకరాచార్యులకు పరమగురువని సంప్రదాయము చెప్పు గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరు పెట్టిరి. అలాతమనగా కొరివి. మండుచున్న కొరివిని చీకటిలో త్రిప్పినచో అగ్నిచక్రము కనబడును; నిటారుగా ఆడించినచో గీత కనబడును. చక్రము కొరివినుండి పుట్టినది కాదు, ఎక్కడికో పోయి అణగినదియు కాదు. కొరివి నిలిచినంతనే లేదు. కదలెడు వెలుగు కంటిలో లేని ఆకారమును కట్టునని మన తత్త్వవేత్తలు ఎంత నిశితముగా పరిశీలించిరో చూడుడు. 1832 ప్రాంతమున బెల్జియము దేశీయుడు జోసెఫ్ ప్లాటో ఒక చక్రముపై వరుసగా బొమ్మలు గీసి త్రిప్పి, అవి కదలినట్లు చూపెను. చలనచిత్రమునకు దారితీసిన ఆ చక్రమునకును, మన వేదాంతుల కొరివికిని ఆధారము ఒక్క కంటి స్వభావమే.

అయితే అదే కొరివి మన పల్లెలలో మరియొక పేరుతో తిరిగినది. పొలిమేరలో రాత్రివేళ ఎవడో చేత పట్టుకొనిపోవు నిప్పును దూరమునుండి చూచినవారు కొరివిదయ్యమనిరి. పండితునికి మాయను బోధించిన వస్తువే పామరునికి దయ్యమైనది. భేదము కొరివిలో లేదు. దానిని పట్టిన చేయి ఒకరికి కనబడినది, మరియొకరికి కనబడలేదు; అంతే.

ఇక పాశ్చాత్యుల మాయాదీపమును గూర్చి చెప్పుదము. దీనినే మన పెద్దలు మేజిక్ లాంతరు అనిరి. పెట్టెలో దీపము, దాని ముందు వెలుగును కూడదీయు అద్దము, దాని యెదుట గాజుపలకపై రంగులతో వ్రాసిన బొమ్మ, ఆపైన ఒక కటకము. బొమ్మను తలక్రిందులుగా దూర్చినచో తెరపై సరిగా, పెద్దదిగా పడును. దీనిని మొదట నిర్మించినవాడు హాలండు దేశపు శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ అని చరిత్రకారులు సాధారణముగా అంగీకరింతురు. శనిగ్రహమునకు వలయమున్నదని వివరించినవాడును, లోలకపు గడియారమును నిర్మించినవాడును ఈయనయే. 1659లో ఈయన లాంతరు పలకలకై గీసికొన్న బొమ్మలు నేటికిని నిలిచియున్నవి. అవి ఏమి బొమ్మలు? తన తలను తానే తీసి మరల పెట్టుకొను అస్థిపంజరము! మాయాదీపము పుట్టుకయే మృత్యువుయొక్క బొమ్మతో జరిగినది.

హైగెన్స్ ఈ వస్తువును చూచి సిగ్గుపడెననుట మరింత విచిత్రము. ఫ్రాన్సు రాజాస్థానమున చూపుటకు లాంతరొకటి పంపుమని 1662లో తండ్రి కోరగా కాదనలేక పంపెను. కాని అది పనిచేయకుండ ఒక కటకమును తీసివేయుమని తమ్మునికి జాబు వ్రాసెను. విజ్ఞానశాస్త్రమున పేరుగాంచిన తమ వంశమునకు ఇట్టి ఆటబొమ్మ తగదని ఆయన భావము. కాని లోకము ఊరకుండలేదు. ఊరూర తిరుగు ఆటగాండ్రు లాంతరును వీపున కట్టుకొని ఐరోపాయంతట వ్యాపించిరి. కిర్చర్ అను జెసూట్ పండితుడు 1671లో వెలువరించిన గ్రంథములో లాంతరు చిత్రమును ముద్రించెను. ఆ చిత్రములో గోడపై పడుచున్నది మంటలలో కాలుచున్న ఒక యాత్మ.

ఈ యాటబొమ్మ వంచకుల చేతబడిన వృత్తాంతము లైప్జిగు నగరమున కలదు. ష్రెప్ఫర్ అనువాడు అచట కాఫీశాల నడపుచు, మృతులను పిలిచి చూపగలనని ప్రచారము చేసికొనెను. ధూపము వేసి, మంత్రములు చదివి, దాచిన లాంతరుతో పొగపై రూపములను చూపెనని చెప్పుదురు. గొప్పవారు, ధనవంతులు ఆయన మాట నమ్మిరి. 1774లో అతడు తుపాకితో కాల్చుకొని మరణించెను. దీపమును దాచినవాడు ఆ చీకటిలో తానే చిక్కుకొనినట్లున్నది.

ష్రెప్ఫర్ మరణించిన కొలది యేండ్లకు ఇట్టి ప్రదర్శనమే బహిరంగమైన నాటకశాలలోనికి వచ్చినది. ఫిలిడోర్ అను ఆటగాడు 1792–93లలో పారిసు నగరమున దానిని ఫాంటాస్మగోరీ యను పేర ప్రదర్శించెను. దానిని పరాకాష్ఠకు తెచ్చినవాడు ఎటియన్ గాస్పార్ రాబర్ట్‌సన్. 1763లో లియేజ్ నగరమున జన్మించి, భౌతికశాస్త్రమును బోధించినవాడు. 1798 జనవరిలో పారిసులో తన ప్రదర్శనము నారంభించి, మరుసటి యేట ఒక పాడుపడిన కపూచిన్ మఠమునకు దానిని మార్చెను.

ఆ కాలమును తలచుకొనినగాని ఆ ప్రదర్శనముయొక్క బలము తెలియదు. అంతకు నాలుగైదేండ్లకు ముందే పారిసు వీథులలో గిల్లటిన్ కత్తి వేలమందిని బలిగొన్నది. సభలో కూర్చున్నవారిలో తండ్రినో భర్తనో పోగొట్టుకొననివారు ఎందరుందురు? అట్టివారు సమాధుల నడుమనుండి, చీకటి దారులవెంట నడచి, నల్లని తెరలు కట్టిన గదిలోనికి వత్తురు. ఉన్న ఒక్క దీపము ఆరిపోవును. వాన చప్పుడు, ఉరుము, చావుగంట వినవచ్చును. గాజుగిన్నెల వాద్యము సన్నగా మ్రోగును. అంతలో దూరమున ఒక వెలుగుచుక్క. అది క్షణక్షణము పెరిగి, ముఖమై, మనిషియై, సభపైకి దూకబోవునట్లు వచ్చి, చటుక్కున మాయమగును. స్త్రీలు కెవ్వున అరచిరనియు, కొందరు కఱ్ఱ లెత్తి నీడలను కొట్టబోయిరనియు చెప్పుకొనిరి.

దీని మర్మమేమి? సాధారణముగా ఆటగాండ్రు లాంతరును జనుల నడుమ నుంచి గోడపై బొమ్మ చూపువారు. రాబర్ట్‌సన్ దానిని తెర వెనుకకు పంపెను. మైనము పూసి పలుచన చేసిన గుడ్డ తెర; దాని వెనుక చక్రములపై నడచు లాంతరు. లాంతరు తెరకు దగ్గరగా నున్నప్పుడు బొమ్మ చిన్నది. వెనుకకు జరిగిన కొలది పెద్దది. చూచువారికి లాంతరు వెనుకకు పోవుట తెలియదు, బొమ్మ ముందుకు వచ్చుటయే తెలియును. గాజుపలకపై బొమ్మ చుట్టును నల్లరంగు పూసియుంచుటచే చతురస్రముగా వెలుగు పడక, రూపము గాలిలో తేలినట్లుండును. ఇంతే విద్య. దీపముయొక్క స్థానమును మార్చుట, దాని చుట్టు నలుపు పూయుట.

రాబర్ట్‌సన్‌యందు రెండు గుణములు కలవు. సభ ప్రారంభమున తాను మంత్రగాడను కాననియు, ప్రకృతిశాస్త్ర ప్రయోగములనే చూపుచున్నాననియు, మూఢనమ్మకములను పోగొట్టుటయే తన యుద్దేశమనియు ఉపన్యసించెడివాడు. ఉపన్యాసము కాగానే దీపమార్పి ప్రేతములను లేపెడివాడు. నోటితో దీపమును చూపి, చేతితో దాచిన మనిషి. ఒకనాడు ప్రేక్షకుడొకడు పదునారవ లూయీ రాజును లేపి చూపుమని అడిగెననియు, విప్లవానంతరము ఆ విద్య తనకు పోయినదని ఈయన చమత్కరించెననియు, అయినను అధికారులు కొంతకాలము ప్రదర్శనమును మూయించిరనియు నాటి వృత్తాంతము. నీడయని తెలిసియు ప్రభుత్వము భయపడినది!

1799లో ఈ యంత్రమునకు ఆయన హక్కుపత్రము పొందెను. తరువాత తన పూర్వసహాయకులతో వ్యాజ్యము రాగా, న్యాయస్థానమున మర్మములన్నియు బయటపడినవి. దీపము ఎచ్చట నున్నదో పారిసు నగరమంతటికి తెలిసినది. అంతటితో ఆట ముగియవలసినది కదా? ముగియలేదు. అనుకర్తలు పెరిగిరి, లండను నగరమున 1801లోనే ఫాంటాస్మగోరియా వెలసినది, ఐరోపాయంతట, అమెరికాలోను ప్రదర్శనములు సాగినవి. ఇది మనము గట్టిగా జ్ఞాపకముంచుకొనదగిన విషయము. మర్మము తెలిసినంత మాత్రమున వినోదము చావదు. చచ్చునది భయము మాత్రమే.

తరువాతి కాలమున లాంతరు శాంతించినది. ఇంగ్లండున హెన్రీ లాంగ్డన్ చైల్డ్ అను చిత్రకారుడు రెండు లాంతరులను ఒకే తెరపైకి త్రిప్పి, ఒకదాని వెలుగు తగ్గించుచు రెండవదానిని పెంచుచు, ఒక దృశ్యము కరగి మరియొకటిగా మారునట్లు చేసెను. వేసవినాటి నీటిమర చూచుచుండగనే మంచు కప్పిన మరయగును. పగలు రాత్రి యగును. ఎప్పుడు మారినదో చెప్పలేము. కలలో ఒక యిల్లు మరియొక యిల్లగునట్లే. సున్నపుముక్కను ప్రాణవాయు ఉదజనుల మంటలో కాల్చి పుట్టించిన తెల్లని వెలుగు చేరుటతో వేలమంది ఒకేచోట చూడగలిగిరి. ప్రేతముల పెట్టె ఉపన్యాసకుల పెట్టె యైనది.

ఆ పెట్టెతో దూరదేశములకు పోయినవారిలో డేవిడ్ లివింగ్‌స్టన్ ఒకడు. 1854లో ఆఫ్రికా మధ్యభాగమున షింటే యను నాయకుని యెదుట బైబిలు కథలోని అబ్రాహాము కొడుకును బలి యీయబోవు బొమ్మను చూపెను. పలకను జరుపగానే ఎత్తిన కత్తి తమవైపు వచ్చుచున్నదని స్త్రీలు పారిపోయిరట. అయినను లాంతరును చూపుమని జనులు మరల మరల అడిగిరి. లివింగ్‌స్టన్ చూపిన ప్రతిసారియు, ఇందులో దైవికమైనదేమియు లేదని దాని పనిని విప్పి వివరించితినని తన గ్రంథములో వ్రాసికొనెను. తన మతమునకు అనుకూలముగా ఆ భయమును వాడుకొనవచ్చునే! వాడుకొనలేదు. తలుపు తెరచి దీపమును చూపెను.

ఇప్పుడు మన దేశమునకు మరలుదము. తెర వెనుక దీపముంచి బొమ్మల నాడించు విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్ది ప్రాంతమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో శ్రీశైల శివరాత్రి సంబరములను వర్ణించుచు, చీర మరుగున భారతాది కథలను బొమ్మలచే ఆడించువారిని పేర్కొనెను. పారిసు మఠమున లాంతరు తెర వెనుకకు చేరుటకు అయిదువందల యేండ్లకు ముందే మన ఆటగాండ్రు తెర మరుగున నిలిచిరి.

తోలుబొమ్మల విద్యను గమనింపుడు. మేకతోలు, లేడితోలు మొదలగువానిని గీకి, పలుచన చేసి, వెలుగు పారునట్లు సిద్ధపరచి, రూపమును కోసి, నగలున్నచోట సన్నని రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు వేయుదురు. కొన్ని బొమ్మలు మనిషెత్తున ఉండును. తెల్లని పంచెలను జతచేసి తెర కట్టుదురు. వెనుక ఆముదపు దీపములు. బొమ్మను తెరకు ఆనించిన రూపము స్ఫుటముగా కనబడును. దీపమువైపు లాగిన పెద్దదై మసకబారును. హనుమంతుడు సముద్రమును దాటుట, ఘటోత్కచుడు పెరుగుట ఈ కిటుకుతోనే. రాబర్ట్‌సన్ లాంతరును జరిపెను. మనవారు బొమ్మను జరిపిరి. కాలిక్రింది పలకలను తొక్కి ఉరుములను, యుద్ధధ్వనులను పుట్టించిరి. పారిసులోని హంగులలో మనవారికి లోపించినది కొంచెమే.

అయినను మన పల్లెలలో తోలుబొమ్మలాట చూచి ఎవరును కఱ్ఱ లెత్తి నీడలను కొట్టబోలేదు. కారణమేమి? ఒకటి, అది తెలిసిన కథ. రావణుడు చచ్చునని అందరికి తెలియును. రెండు, ఆడించువారు తెలిసినవారు. సాయంకాలము తెర కట్టుచుండగా పిల్లలు వెనుకనుండి చూతురు. బొమ్మల పెట్టె వారి కన్నులయెదుటనే తెరవబడును. తెర వెనుకనుండి పాడు కంఠము ఎవరిదో ఊరికి తెలియును. మూడవది అన్నిటికంటె ముఖ్యము. రామరావణ యుద్ధము నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూకివచ్చి, ఊరి సంగతులెత్తి, మోటు హాస్యమాడి, ఇది బొమ్మలాటయే సుమా యని గంటకొకమారు మేలుకొలుపుదురు. తెర వెనుక నున్న దీపమును నవ్వు అనునది బయటకు చూపుచుండెను. హాస్యగాడు లేని నీడలాట పారిసులో ప్రేతసభ యైనది. హాస్యగాడున్న నీడలాట మన యూర జాతర యైనది.

మంథని, కరీంనగరము, ఓరుగల్లు వైపు పల్లెలలో మరియొక విద్య బలముగా వేళ్లూనినది. అది పటముకథ. ఇందులో దీపము తెర వెనుకను లేదు. బొమ్మకు ముందే, అందరికి కనబడునట్లే యుండును. ఖద్దరుగుడ్డకు గంజి పెట్టి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెట్టి, నకాషీ చిత్రకారులు దానిపై కథను గళ్ళుగళ్ళుగా వ్రాయుదురు. వెడల్పు 3 అడుగుల వరకు, పొడవు 40 నుండి 60 అడుగుల వరకు ఉండును. నేపథ్యము ఎఱ్ఱని రంగు. చేర్యాల ఈ విద్యకు పేరుగన్న ఊరు. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క కథ, దానిని చెప్పు ఆశ్రితకులము వేరు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషుల కథ చెప్పుదురు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము. రాత్రి పటమును కట్టి, కొంచెము కొంచెముగా విప్పుచు, కఱ్ఱతో బొమ్మను చూపుచు, పాడుచు, మాటాడుచు కొన్ని రాత్రులపాటు కథ నడుపుదురు.

మార్కండేయుని కథలో యముడు వచ్చును. కోరలు, పాశము, దున్నపోతు. బాలుని మెడకు పాశము పడబోవు గడియ. పిల్లలు తల్లుల కొంగు పట్టుకొనునది అప్పుడే. కాని యముని చూపుచున్న కఱ్ఱ కనబడుచున్నది, కఱ్ఱ పట్టిన చేయి కనబడుచున్నది, దీపము కనబడుచున్నది. కథకుడు పటమును చుట్టగానే యముడు చుట్టలోనికి పోవును. పారిసు అస్థిపంజరము చీకటిలోనుండి వచ్చి చీకటిలోనికి పోయెడిది; ఎచ్చటికి పోయినదో తెలియక జనులు దానిని ఇంటికి తీసికొనిపోయిరి. మన యముడు ఏ చుట్టలో నున్నాడో బిడ్డకు తెలియును. పటము జీర్ణమైనప్పుడు దానిని పారవేయక, మనిషికి చేసినట్లు కర్మ జరిపి నదిలో కలుపు ఆచారమున్నది. అది గుడ్డయనియు తెలియును, అయినను గౌరవింతురు. బొమ్మను బొమ్మగా నెరిగి ప్రేమించుట యనగా ఇదియే.

పాశ్చాత్యుల లాంతరు భారతదేశమున అడుగుపెట్టినప్పుడు ఎవరెవరి చేతులలో పడినదో సంగ్రహముగా చెప్పుదము. క్రైస్తవ ప్రచారకులు పంతొమ్మిదవ శతాబ్దిలో దానిని ఊరూర త్రిప్పిరి. బొంబాయికి చేరువనున్న కల్యాణమున మహాదేవ గోపాల పట్వర్ధన్, ఆయన కుమారులు 1890ల దశకమున రామాయణ భారత కథలను గాజుపలకలపై వ్రాసి, కదలునట్లు అమర్చి ప్రదర్శించిరి. దానికి వారు పెట్టిన పేరు శాంబరిక ఖరోలిక. శంబరుడు మాయలకు పేరుమోసిన రాక్షసుడని పురాణములు చెప్పును. పరదేశపు యంత్రమునకు మన పురాణమాయావి పేరు పెట్టుటలో మర్మమంతయు విప్పి చెప్పినట్లే యున్నది. 1896 జులై 7వ తేదీన బొంబాయి వాట్సన్ హోటలులో ల్యూమియేరు సోదరుల చలనచిత్రములు ప్రదర్శింపబడినవి. 1910 ప్రాంతమున మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య మద్రాసులో మాటయు బొమ్మయు జతపరచు యంత్రమును కొని, డేరాలతో తెలుగునాటను, బర్మా, సింహళములలోను తిరిగెను. 1920ల దశకమున ఖద్దరు ప్రచారకులు లాంతరు పలకలతో రాట్నమును గూర్చి బోధించిరి. ఆరోగ్యశాఖలవారు కలరా, మలేరియాలను గూర్చి చెప్పిరి. ఒకనాడు ప్రేతమును పెంచి చూపిన కటకమే దోమను పెంచి చూపినది. ఇంతకంటె ఆ యంత్రమునకు సద్గతి యుండునా?

సినిమా వచ్చిన పిమ్మట లాంతరు అటక ఎక్కినది. పటముకథకులకు పిలుపులు తగ్గినవి; చేర్యాల చిత్రకారులు నలువది అడుగుల పటములకు బదులు గోడకు తగిలించు చిన్న చిత్రములను, ముఖములను చేయుచు బ్రతుకు తెరువు వెదకికొనిరి. కళ పోయినదని విచారించుట సులభము. కాని దానితో పోయిన మరియొకటి యున్నది: బొమ్మ ప్రక్కన నిలిచి, ఇదిగో ఇది ఫలానా, దీనిని చెప్పువాడను నేను, అని బాధ్యత వహించు మనిషి.

ఆ మనిషి లేని లోటు ఎట్టిదో మన ప్రాంతమే చెప్పును. కరీంనగరము, ఆదిలాబాదు, మెదకు వైపు బాణామతి, చేతబడి యను భయము చిరకాలముగా నున్నది. పశువు చచ్చినను, బిడ్డకు జ్వరము తగ్గకున్నను, ఎవరో మంత్రము పెట్టిరని శంకింతురు. ఆ శంక ఊరిలోని ఒక వృద్ధునిమీదనో, దిక్కులేని స్త్రీమీదనో వ్రాలును. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల యనుమానముతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను పట్టపగలు సమావేశమున పొడిచి చంపిరి. మంథనికి జగిత్యాల ఏమంత దూరము? అచట చంపబడినవి నీడలు కావు, ముగ్గురు మనుష్యులు. కొరివిని పట్టిన చేతిని వెదకక, కొరివిదయ్యమును వెదకినందువలన కలిగిన ఫలము.

మరియొక సంగతి. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి మన రాష్ట్రమున వ్యాపించి, అమాయకులు కొందరు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. ఆ దినములలో దక్షిణదేశమున చేతిఫోనులనుండి చేతిఫోనులకు పోయిన దృశ్యములలో ఒకటి, మోటారుసైకిలుపై వచ్చిన యిద్దరు వీథిలోని బిడ్డను ఎత్తుకొనిపోవుట. అది నిజమైన నేరము కాదు. కరాచీ నగరమున పిల్లల రక్షణకై తీసిన ప్రచారచిత్రము. దాని చివర ఆ మనుష్యులే మరలివచ్చి, బిడ్డను దింపి, ఇంత సులభముగా బిడ్డలు మాయమగుదురు సుమా యని హెచ్చరించు అట్టను చూపుదురు. ఎవరో ఆ చివరిభాగమును కత్తిరించిరి. కత్తిరించినది బొమ్మను కాదు, దీపమును. రాబర్ట్‌సన్ బొమ్మ చుట్టు పూసిన నల్లరంగే ఇది. అప్పుడు జనులు కెవ్వున అరచి ఇండ్లకు పోయిరి. ఇప్పుడు కఱ్ఱలెత్తినచో ఎదుట నున్నది మనిషి.

నేడు యంత్రములే లేని ముఖమును కల్పించి, లేని కంఠముతో పలికింపగలవు. వీనిని చూచి యంత్రమును తిట్టుట వ్యర్థము. హైగెన్స్ కటకమును తీసివేయుమన్నను లాంతరు ఆగలేదు. బొమ్మలను మానుకొనుట మన సంప్రదాయమును కాదు. మనవారు బొమ్మలతోనే పురాణమును, కులచరిత్రను, నీతిని నేర్చుకొనిరి. చేయవలసినది, మన పటముకథ బిడ్డకు అలవరచిన చూపును మరల నేర్పుట. బొమ్మ కనబడగానే కఱ్ఱ ఎవరి చేతిలో నున్నదని అడుగుట. దీపము ఎక్కడ నున్నదని వెదకుట. చివర ఏమున్నదో చూడక లేవకుండుట. గ్రామములలో గాజుముక్క మ్రింగుట, నిప్పులపై నడచుట మొదలగు వానిని చేసి చూపి, పిమ్మట కిటుకును విప్పి చెప్పు విజ్ఞానప్రచారకులు చేయుచున్నది ఇదియే. లివింగ్‌స్టన్ లాంతరు తలుపు తెరచినట్లు వారును తెరచుచున్నారు. తెరచినను చూచువారికి ఆనందము తగ్గుటలేదు. పారిసు న్యాయస్థానము ఎన్నడో రుజువు చేసిన సంగతియే యిది.

మా సంగతియు చెప్పి ముగింతుము. రేడియో కూడ ఒక విధమున తెర వెనుకనుండి వచ్చు ఆటయే. హైదరాబాదులో 1935లో నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో మాటాడినప్పుడును, 1950 ఏప్రిలులో అది ఆకాశవాణిలో చేరినప్పుడును, పెట్టెలో మనిషి యెట్లు దూరెనని వెనుకకు పోయి చూచిన పిల్లలు ఎందరో ఉందురు. వారు చేసినది మంచి పని. వెనుకకు పోయి చూచుట జ్ఞానమునకు మొదటి మెట్టు. మంథని గట్టున నిలిచిన బిడ్డ నీటిలోని పదినీడలను చూచి సంతోషించుగాక. ప్రక్కనున్న పెద్దలు, చూచితివా, అదిగో దొప్ప, దానిలో వత్తి, దీపము అది యొక్కటే, అని వ్రేలితో చూపుదురుగాక. నీడలు అప్పుడును అంత అందముగానే కదలును. భయము మాత్రము గోదావరిలో కొట్టుకొనిపోవును.